కాలయంత్రం తిరుగుదారి: ‘ఆదిత్య 369’లో పలాయనం, గతదర్శనం, అమీర్‌పేట–పంజాగుట్ట ప్రేక్షకస్థలం

ప్రస్తావన

తెలుగు సాహిత్య విమర్శలో ‘పలాయనవాదం’ అన్నది తీర్పు చెప్పే మాట. భావకవుల ఊహాలోకాలను, ప్రేయసీ ఆరాధనను అభ్యుదయ విమర్శకులు ఈ మాటతోనే తూచారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిన తరువాత, రచన తన కాలానికి జవాబు చెప్పాలనే దృష్టి విమర్శలో స్థిరపడింది. ఆ దృష్టి తెలుగు విమర్శకు ఎంతో మేలు చేసింది. అయితే జనరంజక సినిమా దగ్గరకు వచ్చేసరికి అదే కొలబద్ద పరిశీలనకు అడ్డుగా నిలిచింది. మాయలు, మంత్రాలు, యంత్రాలు ఉన్న చిత్రం ‘కాలక్షేపం’ అని ఒక్కమాటలో తేలిపోయింది. ఆ కాలక్షేపం ప్రేక్షకులను ఏ కాలం నుంచి ఏ కాలానికి తీసుకుపోయిందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’ ఈ ప్రశ్నకు అనువైన చిత్రం. నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్, సంభాషణల రచయిత జంధ్యాల, సంగీత దర్శకుడు ఇళయరాజా. తెలుగులో కాలయానాన్ని ప్రధాన కథావస్తువుగా నిలబెట్టిన చిత్రమిది. 2025 ఏప్రిల్‌లో 4కె రూపంలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఎన్నో రెట్లు మెరుగైన గ్రాఫిక్స్‌కు అలవాటుపడిన ప్రేక్షకులు దీనిని మళ్లీ చూడటానికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. ఒకటి, బాల్యస్మృతి. రెండు, కథానాయకుని మీది అభిమానం. రెండూ నిజమే. కాని ఆ రెండూ వర్తించే చిత్రాలు ఆ దశాబ్దంలో ఇంకా చాలా ఉన్నాయి.

చిత్రపు ఆకర్షణకు మూలం వెళ్లడంలో కన్నా తిరిగిరావడంలో ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. గతాన్ని దర్శించేవారికీ, గతాన్ని సొంతం చేసుకోవాలనుకునేవారికీ మధ్య ఈ చిత్రం ఒక గీత గీసింది. ఆ గీత ఇప్పటి గతాభిమానాన్ని కూడా పరీక్షిస్తుంది. ఈ పరీక్షకు హైదరాబాదు నగర మధ్యంలోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాన్ని ప్రేక్షకస్థలంగా తీసుకోవడం జరిగింది. సినిమా స్టూడియో, కంప్యూటర్ శిక్షణ, మాల్, మెట్రో ఒకదానిమీద ఒకటి పొరలుగా పేరుకున్న ప్రాంతమిది. కాలం మారడమంటే ఏమిటో అక్కడ కంటికి కనిపిస్తుంది.

పలాయనం: ఒక మాట, మూడు అర్థాలు

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో అద్భుతకథల గురించి చేసిన ప్రసంగంలో పలాయనానికి రెండు అర్థాలను విడదీశారు. చెరసాలలోని ఖైదీ తప్పించుకోవాలనుకోవడం ఒకటి, సైనికుడు యుద్ధరంగం వదిలి పారిపోవడం మరొకటి. విమర్శకులు మొదటిదానిని కూడా రెండవదానిగానే చూస్తున్నారని ఆయన అభ్యంతరం. ఈ విభజన ఉపయోగకరమే, కాని రెండింటిలోనూ తిరిగిరావడం లేదు.

తెలుగువారికి తెలిసిన అద్భుతయానాల్లో తిరుగుదారి తప్పనిసరి. భాగవత నవమస్కంధంలోని రైవతకకుద్మి కథ ఇందుకు తగిన ఉదాహరణ. కుమార్తె రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకొని కకుద్మి బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ గానం ముగిసేవరకు కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమిమీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. తిరిగివచ్చి చూస్తే తన వాళ్లెవరూ లేరు, వంశాల పేర్లు కూడా మిగలలేదు. బ్రహ్మ సూచన ప్రకారం రేవతిని బలరామునికి ఇచ్చి వివాహం చేస్తాడు. ఈ కథలో అద్భుతం బ్రహ్మలోకంలో లేదు. తిరిగివచ్చినవాడు తన భూమిని కొత్తగా చూడవలసిరావడంలో ఉంది. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’లో లండన్ నగరం నడిబొడ్డున పడిన గంధర్వుని కథ కూడా ఇదే పని చేస్తుంది. అక్కడ యానం మనలోకానికే, కాని చూసే కన్ను కొత్తది. వెళ్లినచోటు కంటె, బయలుదేరిన చోటు మీద పడే వెలుగు ముఖ్యమయ్యే ఈ రకాన్ని పలాయనానికి మూడో అర్థంగా పరిగణించవచ్చు. ‘ఆదిత్య 369’ ఈ మూడో కోవకు చెందుతుంది.

వెల్స్ నవల నుంచి సింగీతం చిత్రానికి

హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషిన్’ ఈ చిత్రానికి ప్రేరణ. ప్రేరణకూ చిత్రానికీ మధ్యనున్న తేడాలే విమర్శకు అవసరమైనవి. వెల్స్ కథానాయకుడు భవిష్యత్తులోకి మాత్రమే ప్రయాణిస్తాడు. అతను చేరే సంవత్సరం 802701. నేలమీద సుకుమారులైన ఎలాయ్ జాతి, నేలకింద యంత్రాలు నడిపే మార్లాక్ జాతి ఉంటాయి. వర్గవిభజన లక్షల ఏళ్లు సాగితే మనిషి రెండు జాతులుగా చీలిపోతాడన్నది ఆ నవల హెచ్చరిక.

‘ఆదిత్య 369’లో కాలయంత్రం రెండువైపులా నడుస్తుంది. మొదట 1526కు, తరువాత 2504కు. గతయానం సింగీతం చేర్పు. మరొక తేడా కూడా గమనించదగింది. ఈ చిత్రపు భవిష్యత్తులోనూ మనుషులు నేలకిందే ఉంటారు. అక్కడికి వాళ్లను తరిమింది వర్గం కాదు, మూడో ప్రపంచయుద్ధం మిగిల్చిన అణుధార్మికత. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అప్పటికి ఐదేళ్లయింది. గల్ఫ్ యుద్ధం ఆ ఏడాది మొదట్లోనే ముగిసింది. వెల్స్ ప్రశ్నలోని సామాజిక విమర్శ ఇక్కడ అంతర్జాతీయ భయంగా మారింది. అందువల్ల కథ తీవ్రత కొంత తగ్గింది. ఎవరిని నిందించాలో తెలియని విపత్తు అది.

దర్శకుని నేపథ్యం కూడా ఈ చేర్పులను వివరిస్తుంది. సింగీతం కె.వి. రెడ్డి వద్ద పనిచేసినవారు. ‘మాయాబజార్’ (1957) ఆయన సహాయకుడిగా పనిచేసిన చిత్రాల్లో ఒకటి. పింగళి నాగేంద్రరావు రచన చేసిన ఆ చిత్రంలోని ‘ప్రియదర్శిని’ పెట్టె, చూసేవారికి ప్రియమైనదానిని చూపిస్తుంది. అది పౌరాణిక చిత్రంలోని వస్తువే అయినా, దాని పనితీరు యంత్రానిది. మూత తెరిస్తే దూరం చెరిగిపోతుంది. ‘ఆదిత్య 369’ కాలయంత్రం ఈ పెట్టెకు పెద్ద రూపం. ప్రియదర్శిని దూరాన్ని చెరిపితే, ఇది కాలాన్ని చెరుపుతుంది. తెలుగు ప్రేక్షకులు విజ్ఞానకల్పనను పరాయిదిగా భావించకపోవడానికి, జానపద, పౌరాణిక చిత్రాలు అలవాటు చేసిన ఈ చూపు ఒక కారణం.

భువనవిజయానికి వెళ్లే దారి

కాలయంత్రం 1526లో ఆగడం సాధారణ విషయం కాదు. భారతచరిత్రలో ఆ ఏడాదికి ఉన్న గుర్తింపు పానిపట్టు యుద్ధం. బాబరు చేతిలో ఇబ్రహీం లోడీ ఓడింది అప్పుడే. చిత్రానికి ఆ 1526 అక్కరలేదు. దానికి కావలసింది 1509 నుంచి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయల సభ.

ఆ సభకు తెలుగువారు కాలయంత్రం లేకుండానే ఎన్నోసార్లు వెళ్లారు. కవులు, పండితులు, అవధానులు అష్టదిగ్గజాల వేషాలు ధరించి పద్యాలు చదివే ‘భువనవిజయం’ సాహిత్యరూపకం తెలుగు సభల్లోనూ, విదేశాల్లోని తెలుగు సంఘాల వేదికలపైనా ప్రదర్శించబడుతూ వచ్చింది. సినిమాలో ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చిత్రాల్లో నందమూరి తారకరామారావు రాయల పాత్ర ధరించారు. ‘ఆదిత్య 369’లో ఆయన కుమారుడు బాలకృష్ణ ఇరవయ్యో శతాబ్దపు యువకునిగా, రాయలుగా రెండు పాత్రలు ధరించారు. అంటే కాలయంత్రం ఎక్కిన యువకుడు చేరేది విజయనగర చరిత్రకు మాత్రమే కాదు, తండ్రి నటించిన తెరకు కూడా. రాజసభ సన్నివేశాల్లోని సంభాషణ చారిత్రక చిత్రాల ధోరణిలో సాగుతుంది. వర్తమానం నుంచి వచ్చినవారు వాడుకభాషలో మాట్లాడతారు. ఆ రెంటి రాపిడిలో పుట్టే హాస్యాన్ని జంధ్యాల సమర్థంగా వాడుకున్నారు. నవ్వు పుట్టాలంటే ప్రేక్షకులకు రెండు భాషలూ తెలిసి ఉండాలి. ఆ తెలివిడి తెరమీది రాయల నుంచి, పద్యనాటకం నుంచి వచ్చింది.

ఈ సభలో చంద్రమోహన్ ధరించిన తెనాలి రామకృష్ణుడు ఉన్నాడు. ఆ కవి రాయల ఆస్థానంలో ఉన్నాడా అన్న విషయంలో సాహిత్య చరిత్రకారులకు సందేహాలున్నాయి. ప్రజల జ్ఞాపకానికి ఆ సందేహం లేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చాటువుల గురించి 1998లో వెలువరించిన గ్రంథం ఈ విషయంలో దారి చూపుతుంది. చాటుపద్యాలు వేర్వేరు కాలాల కవులను ఒకచోట చేర్చి, చరిత్రకు అవతల ఒక ఉమ్మడి సాహిత్యసమాజాన్ని నిర్మించాయి. ఈ కోణంలో చూస్తే చాటు సంప్రదాయం కూడా ఒక కాలయంత్రమే. సింగీతం యంత్రం చరిత్రకారుల 1526లో దిగలేదు, చాటువుల 1526లో దిగింది. దీనిని చరిత్ర దోషంగా లెక్కించడం కంటె, జనస్మృతిని నమ్ముకున్న ఎంపికగా గుర్తించడం సబబు.

దర్శించేవారు, దాచుకునేవారు

కథలోని వర్తమాన భాగాన్ని సాహసకథకు ముందుమాటగానే చూడటం పరిపాటి. నిజానికి చిత్రంలోని విలువల చర్చ అక్కడే ఉంది. కథ రాయల కాలంనాటి వజ్రం మ్యూజియం నుంచి దొంగతనానికి గురికావడంతో మొదలవుతుంది. దానిని దొంగిలింపజేసేది అమ్రిష్ పురి ధరించిన రాజావర్మ. ఇతను అపురూపమైన ప్రాచీన వస్తువులను రహస్యంగా సేకరించే ధనికుడు. సాధారణ ప్రతినాయకునికి కావలసింది డబ్బు. రాజావర్మకు కావలసింది గతం. అతనికీ చరిత్రమీద మోజు ఉంది, బహుశా కథానాయకునికన్నా ఎక్కువే ఉంది. కాని ఆ గతం ఎవరి కంటా పడకుండా తన గదిలో ఉండాలి.

కాలయంత్రం ఎక్కినవారికి ఇందుకు పూర్తిగా భిన్నమైన సంబంధం ఉంది. వాళ్లు అనుకోకుండా వెళతారు, అక్కడ అతిథులుగా ఉంటారు, ఆపదలు పడతారు, తిరిగివస్తారు. రాయల సభలోనూ అసూయ, కుట్ర, శిక్ష ఉన్నాయి. అది నిలిచిపోదగిన స్వర్గం కాదు. 2504లోని నేలకింది బతుకు భయపెడుతుంది. అక్కడా నిలవలేరు. రెండు కాలాలూ చూసినవారికి ఉండదగినచోటు 1991 మాత్రమే. లెక్కప్రకారం ఆ వర్తమానం 465 ఏళ్ల గతానికీ 513 ఏళ్ల భవిష్యత్తుకూ దాదాపు మధ్యలో ఉంది. గతం ఇచ్చిన వజ్రాన్ని అందరిదిగా నిలపడం, భవిష్యత్తు చూపిన వినాశాన్ని గుర్తుపెట్టుకోవడం అనే రెండు బాధ్యతలు ఆ వర్తమానం మీద పడతాయి. చిత్రం దీనిని ఉపన్యాసంగా చెప్పదు. పోరాటాలతో, పాటలతో, హాస్యంతో చెబుతుంది. అందుకే అది నిలిచింది.

అమీర్‌పేట, పంజాగుట్ట: వర్తమానం మారిన చోటు

చిత్రం విడుదలైన ఆరు రోజులకు, 1991 జూలై 24న, పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆర్థిక సంస్కరణల బడ్జెట్‌ను పార్లమెంటులో ప్రవేశపెట్టింది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. అయినా చిత్రం తిరిగివచ్చి నిలిచిన ‘వర్తమానం’ ఆ వారంలోనే మారడం మొదలైంది. ఆ మార్పు హైదరాబాదులో బాగా కనిపించిన ప్రాంతాల్లో అమీర్‌పేట ఒకటి.

అంతకుముందు అమీర్‌పేటకు సినిమాతో సంబంధం సారథి స్టూడియో ద్వారా వచ్చింది. మద్రాసులో వేళ్లూనుకున్న తెలుగు చిత్రనిర్మాణానికి హైదరాబాదులో ఏర్పడిన తొలి చిరునామా అది. అక్కడ నిర్మాణం జరుపుకున్న ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. 1990ల మధ్యనుంచి ఆ వీధులకు వేరే పేరు వచ్చింది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు అంతస్తుకొకటిగా వెలిశాయి. ఒరాకిల్, జావా, టెస్టింగ్, శాప్ పేర్లతో బోర్డులు గోడలను కప్పేశాయి. చుట్టుపక్కల, ముఖ్యంగా సంజీవరెడ్డినగర్‌లో, హాస్టళ్లు నిండాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రవాహం పెరిగింది. జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు కొద్దినెలల కోర్సుతో మరో కాలమండలంలో ఉద్యోగానికి సిద్ధమయ్యే చోటుగా అమీర్‌పేట దేశమంతటా పేరుపొందింది.

అమీర్‌పేట శిక్షణ కేంద్రం కూడా ఒకరకమైన కాలయంత్రమే. అది భవిష్యత్తుకు టికెట్ ఇస్తుంది. కాని చాలామందికి అది ఒకవైపు టికెట్. రెండున్నర గంటల సినిమాయానానికి సమాజం ‘పలాయనం’ అని పేరు పెట్టింది. ఊరు, భాష, బంధువర్గం వదిలివెళ్లే జీవితకాలపు యానానికి ‘పురోగతి’ అని పేరు పెట్టింది. రెండు పేర్లలో ఏది సరైనదో తేల్చడం విమర్శ పని కాకపోవచ్చు. ఈ రెండో యానానికి సిద్ధమైన తరానికి, మొదటి యానం అందించినదేమిటో గుర్తించడం మాత్రం విమర్శ పనే. తెలుగుకు సభ ఉన్న కాలానికి వెళ్లి, మళ్లీ ఇంటికి రాగలిగే ఒక కథ వాళ్లకు అందింది. బయలుదేరేవారికి తిరుగుదారి ఉన్న కథమీద మమకారం కలగడం సహజం.

తరువాతి చిత్రాలు ఈ విషయాన్ని మరోవైపు నుంచి రుజువు చేస్తాయి. 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’లో కాలయంత్రం రాజసభకు వెళ్లదు, 1998లోని ఇంటికి, పోయిన తల్లి దగ్గరకు వెళుతుంది. గతం ఐదువందల ఏళ్ల నుంచి రెండు దశాబ్దాలకు, జాతిస్మృతి నుంచి ఇంటిస్మృతికి కుదించుకుపోయింది. సంస్కరణల తరువాతి తరానికి పోగొట్టుకున్న స్వర్ణయుగం తమ బాల్యమే. 2024లో విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ దీనికి ఎదురుదిశలో, కురుక్షేత్రాన్ని సుదూర భవిష్యత్తులోని కాశీతో ముడివేసింది. అక్కడ సామాన్యమైన వర్తమానానికి చోటే లేదు. ఒకదానిలో గతం చిన్నదయింది, మరొకదానిలో వర్తమానం మాయమయింది. ‘ఆదిత్య 369’లో మూడు కాలాలకూ సమానమైన చోటు ఉండటం ఈ పోలికలో స్పష్టమవుతుంది.

యంత్రం ఆగని మజిలీలు

ఆకర్షణను వివరించడం పరిమితులను దాచడం కాకూడదు. ఈ చిత్రపు గతంలో రాజసభ తప్ప నగరం దాదాపుగా లేదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అంగళ్లను, సరకులను, జనసమ్మర్దాన్ని వర్ణించాడు. ఆ జనం చిత్రంలోకి రాలేదు. సిల్క్ స్మిత ధరించిన రాజనర్తకి పాత్ర జానపద చిత్రాల మూసలోనే ఉండిపోయింది.

అన్నిటికన్నా గమనించదగిన మౌనం ప్రాంతానికి సంబంధించినది. 1526లో ఇప్పటి అమీర్‌పేటకు కొద్దిదూరంలోని గోల్కొండ సుల్తాన్ కులీ ఏలుబడిలో ఉంది. మరికొన్ని దశాబ్దాలకు ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల నోట ‘మల్కిభరాముడు’ అయ్యాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమైంది. పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు కావ్యం ‘యయాతిచరిత్ర’ ఆ కాలానికే చెందిన అమీన్‌ఖాన్‌కు అంకితమైంది. తెలుగుకు సభ ఉన్న మరో గతం హైదరాబాదు ముంగిట్లోనే ఉంది. తెలుగు సినిమా కాలయంత్రం అక్కడ ఆగలేదు. తెలుగు గతం అంటే విజయనగరమే అన్న అలవాటును చిత్రం ప్రశ్నించకుండా స్వీకరించింది.

ఈ మౌనానికి పంజాగుట్టలో ఒక భౌతిక రూపం కూడా ఉంది. నవాబు ఫక్రుల్‌ముల్క్ నిర్మించిన ఇర్రమ్ మంజిల్ భవనం అక్కడి గుట్టమీద ఉంది. 2019లో కొత్త శాసనసభ భవనం కోసం దానిని తొలగించాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. కిందిరోడ్డు మీద మాల్స్, మల్టీప్లెక్సులు, మెట్రో స్తంభాలు వరుసకట్టాయి. అమీర్‌పేటలోని సత్యం థియేటర్ స్థలంలో 2023లో కొత్త మల్టీప్లెక్స్ ప్రారంభమైంది. ఏ గతం మిగలాలో, ఏది కూలాలో నిర్ణయించడం ఇప్పటికీ సాగుతున్న వ్యవహారం. రాజావర్మ తెరమీది పాత్ర మాత్రమే కాదని ఈ ప్రాంతం గుర్తుచేస్తుంది.

ముగింపు

పాత విజ్ఞానకల్పన సాహసచిత్రాల ఆకర్షణను పలాయనమని తోసిపుచ్చడం ఎంత తొందరపాటో, బాల్యస్మృతి పేరుతో విమర్శకు అతీతంగా ఉంచడం కూడా అంతే తొందరపాటు. మొదటిది చిత్రాన్ని చూడకుండా తీర్పు చెబుతుంది. రెండవది చిత్రాన్ని అద్దాలపెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. రెండో పనిని ‘ఆదిత్య 369’లో చేసినవాడు ప్రతినాయకుడు. పునర్విడుదలలకు చప్పట్లు కొట్టే గతాభిమానానికి ఆ చిత్రంలోనే హెచ్చరిక ఉంది.

తెలుగు శాఖల పరిశోధనలో జానపద, పౌరాణిక చిత్రాలకు కొంత స్థానం లభించింది. కాలయానకథలను రైవతుని వృత్తాంతంతో, చాటు సంప్రదాయంతో, భువనవిజయ రూపకంతో కలిపి చదివే ప్రయత్నం విస్తరించవలసి ఉంది. గోల్కొండ తెలుగును కూడా ఆ పఠనంలోకి తేవాలి. అలా చదివినప్పుడు ఈ చిత్రాల విలువ అవి చూపిన లోకాల అద్భుతంలో కాక, ప్రేక్షకులను దించివెళ్లిన చోటులో కనిపిస్తుంది. కకుద్మిలాగే వాళ్లు తిరిగివచ్చేసరికి లోకం మారిపోయి ఉంటుంది. మారిన లోకంలో చేయవలసిన పని మాత్రం వాళ్లకోసం మిగిలే ఉంటుంది.